తిరగని తుంటి

చిరంజీవి అమ్మడుకి నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మ పన్ను నొప్పి తగ్గిందా అని అడిగావు. ఆ పన్ను పీకించేసింది. రెండు రోజులు నోట్లో దూది ఉండబట్టి ఇంట్లో నా మాట చెల్లింది. వడ్రంగి వర్క్‌షాపులో నాచేత ఇంకా తలుపులు మోయిస్తున్నారా అని కూడా అడిగావు. లేదు, మోత మానిపించి చిత్రిక పట్టే బల్ల దగ్గర నిలబెట్టారు.

ఇక అసలు సంగతి. వేగంగా వచ్చే బంతికి నీ బ్యాటు ఎప్పుడూ రెప్పపాటు ఆలస్యంగా ఎందుకు వస్తోందని, మణికట్టు ఎందుకు వాస్తోందని అడిగావు. నెలాఖరులోగా సరిచేసుకోకపోతే జట్టులోంచి తీసేస్తామని మీ కోచ్ అన్నాడని రాశావు. ఆ వాక్యం మీ అమ్మకు చదివి వినిపించలేదు.

తెలిసినంతవరకు చెబుతాను. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టుకునేది చేతులే కానీ, దెబ్బ పుట్టేది చేతుల్లో కాదు. బరువు వెనక కాలి మీద ఉంచుకోవాలి. ముందు కాలు నేలకు ఆనగానే వెనక మడమ లేవాలి, తుంటి బంతి వైపు తిరగాలి. దాని వెంట నడుము, ఆ తర్వాత భుజాలు. చేతులు అప్పటిదాకా ఛాతీ దగ్గరే ఆగి, అందరికన్నా చివర బయలుదేరాలి. అప్పుడు వాటికి ఒళ్లంతా తోడుంటుంది. చిత్రిక పట్టడమూ అంతే, కాళ్లతో తోయనివాడికి సాయంత్రానికి మోచేతులు పట్టేస్తాయి. నీకు చేతులే ముందు పరుగెడుతున్నాయి, తుంటి చోద్యం చూస్తోంది. ఒంటి తోడు లేకనే ఆ ఆలస్యం, మణికట్టుకు ఆ వాపు. మెల్లగా వచ్చే బంతికి అది చెల్లుతుంది. అంత పెద్ద జట్లలో మెల్లగా విసిరేవాళ్లు ఎవరున్నారు?

ఇంత తెలిసినవాడివి చిన్నప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. దానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను.

నువ్వు పుట్టకముందు వర్క్‌షాపులో ఓ బరువైన తలుపు నా మీద పడింది. అప్పటినుంచి కుడి తుంటి తిరగదు. అయినా ఆడాను, తుంటి చేయాల్సిన పని చేతులతో చేసుకుంటూ. నువ్వు చూసింది ఆ ఆటనే. ఐదేళ్లప్పుడు పాత పేపరు చుట్టి పట్టుకుని నా వెనక నిలబడి, నేనెలా వంగితే అలా వంగేదానివి. నీ తుంటికి ఏ లోపమూ లేదు అమ్మడూ. నా అవిటితనాన్నే ఆట అనుకుని నేర్చుకున్నావు.

నీకు పదమూడేళ్లప్పుడు మీ స్కూలు ఆటల మాస్టారు, మనం ఈల మాస్టారు అనేవాళ్లమే, ఆయన వర్క్‌షాపుకు వచ్చాడు.

"పిల్ల తుంటి తిప్పట్లేదండీ. ఇప్పుడైతే మారుతుంది. నాలుగేళ్లు పోతే ఒంటికి పట్టేస్తుంది, ఇక ఎవరి తరమూ కాదు."

"మా ఇంట్లో ఇలాగే ఆడతాం లెండి," అన్నాను.

"మీకైతే తప్పదు. ఆ పిల్లకేం ఖర్మ?"

నాకు ఒళ్లు మండింది. చేతిలో పని ఆపకుండానే ఆయన్ని పంపేశాను. తెలియక కాదు. అప్పటికి నేను ఆడడం మానేసి ఏడాది. మైదానంలో నువ్వు బ్యాటు తిప్పినప్పుడల్లా జనం "అచ్చం వాళ్ల నాన్నే" అనేవాళ్లు. ఆ మాట కోసమే పని ఎగ్గొట్టి వచ్చేవాణ్ని. నిన్ను మారిస్తే ఆ మాట ఇక వినపడదని భయపడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నీ ఆటకంటే నాకు ఆ మాటే ఎక్కువైంది.

పోయిన వారం అద్దం ముందు నిలబడ్డాను. తుంటి తిరిగితే ఎలా ఉంటుందో గుర్తుచేసుకుని నీకు రాద్దామనుకున్నాను. గుర్తు రాలేదు. ఇరవై ఏళ్లుగా ఒంటికి పట్టినదాన్ని పదిహేను రోజుల్లో వదిలించుకున్నవాళ్లని నేను చూడలేదు. నువ్వూ వదిలించుకోలేవనే నా భయం. నీకు అబద్ధపు ధైర్యం చెప్పలేను.

ఉత్తరం చివర రాశావు, "ఒక్కరోజు వచ్చి నా ఎదురుగా నిలబడి తిప్పి చూపించు నాన్నా, అంతా సర్దుకుంటుంది" అని. మీ అమ్మ అప్పుడే నా చొక్కాలు ఇస్త్రీ చేసి సంచిలో పెట్టేసింది. నేను రావడం లేదు. వస్తే నువ్వు మళ్లీ నన్నే చూస్తావు.

ఇట్లు,
ఈ మాట నీ ముఖం చూసి చెప్పలేని
నాన్న