అందరం ఒక్క ధరకే

జూన్ 9
నాంపల్లిలో యూనియన్ మీటింగ్. అబిడ్స్‌లో పెద్ద కంపెనీ షోరూమ్ తెరిచినప్పటి నుంచి మా కళ్లద్దాల దుకాణాలన్నీ వెలవెల. కొన్న ధరకన్నా తక్కువకే అమ్ముతోందట ఆ కంపెనీ. ప్రెసిడెంట్ నర్సింగన్న బల్ల గుద్దాడు — "మనల్ని మనమే కోసుకునుడు బంద్. అందరం ఒక్క ధరకే అమ్మాలె. ఎవరన్న తగ్గించిన్రో, వాళ్లకు హోల్‌సేలోళ్ల మాల్ రాదు."
చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

జూన్ 12
పక్క దుకాణం వసంత ఆ రోజు చెయ్యెత్తలేదు. యూనియన్ పెంచి కట్టిన ధర కాదని పాత ధరకే అమ్ముతోంది. "నా దగ్గరికొచ్చేది పింఛన్ల మీద బతికేవాళ్లక్కా. ఎలా పెంచమంటారు?"

జూన్ 27
హోల్‌సేల్ వాళ్లు వసంత ఫోన్ ఎత్తడం లేదు. అరలు ఖాళీ. లెన్సులు అడిగితే ఇచ్చాను — షట్టర్ సగం దించి. దొంగసొమ్ములా.

జూలై 15
వ్యాపారంలో పోటీని కాపాడే ఢిల్లీ కమిషన్‌కు వసంత ఫిర్యాదు చేసింది. యూనియన్ మీద!
యూనియన్ వాళ్లమంతా గన్‌ఫౌండ్రీలో వకీలు దగ్గరికి పరుగు. "గా కంపెనీ మీదనే కేసెయ్యరాదా?" అన్నాడు నర్సింగన్న. మార్కెట్ అంతా ఆ కంపెనీ గుప్పిట్లో ఉందని రుజువు చేయాలట, కష్టమట. మేం కలిసి ధర కట్టడం, సరుకు ఆపించడం — అవి మాత్రం తప్పేనట.
"పెద్ద చేప మింగొచ్చు, చిన్న చేపలు గుంపు కట్టొద్దా? ఇదేం కాయిదా సార్?" నర్సింగన్న మండిపడ్డాడు.
నాకూ అదే మంట. కానీ వసంత అరలు...

నవంబర్ 4
విచారణకు పిలుపు, కమిషన్ అధికారులు హైదరాబాద్‌కే వచ్చి అడుగుతారట. సాక్షిగా నా పేరు ఇచ్చింది వసంతే. నన్నడగనైనా లేదు. "మీరు అబద్ధం చెప్పరని..."
కంచం పక్కకు జరిపి పిలుపు కాగితం మళ్లీ చదివాను.

నవంబర్ 11
చెప్పేశాను. తీర్మానం, బెదిరింపు, నేనెత్తిన చెయ్యి — అన్నీ. బయటికొచ్చి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాను.

నవంబర్ 29
తీర్పు రాకముందే భయపడి యూనియన్ తీర్మానం రద్దు చేసుకుంది. వసంతకు సరుకొచ్చింది. పోటీపడి అందరం తగ్గిస్తున్నాం. కొనేవాళ్ల మొహాల్లో సంతోషం. మాకు మిగిలేది ఏమీ లేదు.

జనవరి 20
నర్సింగన్న దుకాణం మూసేశాడు. ఖాళీ అయిన ఆ మడిగ గదిని అబిడ్స్ షోరూమ్ వాళ్లే కిరాయికి తీసుకున్నారు. నన్ను చూసి ఆగాడు. "నిజమే చెప్పినవ్ చెల్లె. నాకు కోపం లేదు." కళ్లు మాత్రం కలపలేదు.

జనవరి 23
దుకాణం కట్టేసే వేళకు వసంత వచ్చింది. కూర్చోలేదు. "అక్కా, ఇలాగైతే ఉగాదికి నా దుకాణమూ ఉండదు. మనిద్దరం ఒక్క ధర పెట్టుకుందామా... ఇద్దరమే. ఎవరికీ తెలీదు."
రేపు పొద్దున్నే వస్తానంది, జవాబుకు.