కోట అచ్చు

బెజవాడ
14-2-1958

తమ్ముడు నాంచారయ్యకి అక్క ఆశీస్సులు.

నిన్న ఒక్కదాన్నే కోట కొండెక్కాను. మీ బావగారు పెళ్లయిన కొత్తలో చూసొచ్చి, మన పెడన తెరల మీద అద్దడానికి అచ్చు చెక్కింది ఆ కోటనే. పోయేదాకా నన్నూ తీసుకెళ్తాననేవారు.

తెర మీద గుమ్మం కుడివైపుంటుంది కదా అని కుడికి తిరిగాను. అన్నీ ముళ్లపొదలు. మేకలు కాసే ఆవిడ, "అటు కాదమ్మా, గుమ్మం ఎడం పక్కనుంది" అంది. అద్దితే బొమ్మ కుడిఎడమవుతుంది కనక అచ్చుని తిప్పి చెక్కాలన్న సంగతే మరిచి, చూసింది చూసినట్టు చెక్కేశారు మీ బావగారు, అంత పనివాడూ. ముప్పై ఏళ్లు అద్దిన నాకూ తెలియలేదు.

అచ్చు మీద గుమ్మంలో ఆయన చెక్కిన ఇద్దరు మనుషుల్లో ఒకరు నేనట. నిన్న అక్కడ కాసేపు నిలబడ్డాను.

అచ్చు అరిగింది, కొత్తది చెక్కిస్తానన్నావు. గుమ్మం ఎటున్నా సరే, ఆ ఇద్దరినీ మాత్రం ఉంచు.

అక్క