ఒకే కవరులో వెళ్లిన మన రెండు ఓట్లు

ఏమండీ,

మీరు వెళ్లిపోయి పదకొండు నెలలైంది. బాగున్నారా అని అడగడం అలవాటు కాబట్టి అడుగుతున్నాను... నేను బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. బేతంచెర్లలో మీ అమ్మ పక్కనే మీకు సమాధి కట్టించాం. మీ ఊరి రాయే కావాలని మీ చెల్లెలు మేరీ పట్టుబట్టింది. నున్నగా పాలిష్ పట్టించిన రాయి మీద మీ పేరు బాగా వచ్చింది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. పోయిన వారం అమెరికా నుంచి నా ఓటు కాగితం ఈమెయిల్‌లో వచ్చింది. ఈసారి నా ఒక్కదానికే. మీ పేరు తీసేయమని వాళ్లకు నేనే రాసి పంపాను, గుర్తుందా... చూశారా, మీకెలా గుర్తుంటుంది?

కాలేజీ ఎదుట జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. మూడు రోజులు అది అక్కడే ఉంది. దాని పక్కనే కంచం పెట్టుకుని తిన్నాను, లేచాను, మళ్లీ వచ్చి చూశాను. ఇరవై ఆరేళ్లు ఆ దేశంలో నర్సుగా పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకున్న దాన్ని. ఎన్ని ఓట్లు వేయలేదు! ఇప్పుడెందుకు చెయ్యి రాలేదు?

పోయినసారి లాగే ఈసారీ పోటీలో ఇద్దరు. ఒకరు ముప్పై ఏళ్లుగా రాజకీయాల్లోనే ఉన్న పాత మనిషి. ఇంకొకరు ఇంతవరకు ఒక్క పదవి కూడా చేయని కొత్త మనిషి. పేర్లు మారాయి, అంతే. పాత మనిషి మాట్లాడితే ఎక్కడా తప్పు కనిపించదు, కానీ విన్న తర్వాత ఏమన్నారో గుర్తుండదు. కొత్త మనిషి మాటల్లో సగం అబద్ధం అనిపిస్తుంది. మిగతా సగం ఎవరూ చెప్పడానికి సాహసించని నిజం అనిపిస్తుంది. ఏ సగం ఏదో నాకెలా తెలుస్తుంది?

నాకు మా ఆసుపత్రే గుర్తొచ్చింది. దాన్ని చాలా ఏళ్లు ఒకే పెద్దాయన నడిపాడు కదా. మర్యాదస్తుడు. వార్డుకు ఇంకో నర్సును ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా చూద్దాం అనేవాడు. ఆయన పోయాక బయటి నుంచి ఒకాయన వచ్చాడు, ఆసుపత్రి పని ఏమీ తెలియని వ్యాపారి. వచ్చిన వారంలోనే మా వార్డులో కుర్చీ వేసుకుని కూర్చుని మీకేం కావాలని అడిగాడు. నర్సును ఇచ్చాడు. ఆరోజు ఇంటికొచ్చి మీకెంత సంబరంగా చెప్పానో! రెండేళ్లు తిరగకముందే ఆయనే కాన్పుల వార్డు మూసేశాడు. నిండు గర్భిణులు నొప్పులతో పక్క ఊరికి పోవాల్సి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, వాళ్లిద్దరిలో ఎవరు నయం?

ఇక వదిలేద్దామనుకున్నాను. కర్నూలుకు తిరిగొచ్చి కూర్చున్న ఒక ముసలి నర్సు ఓటు వేయకపోతే అక్కడ ఏం ఆగిపోతుంది? కానీ మీరు ఊరుకోరే... పోయినసారి నేనిలాగే విసుక్కుంటే, "చెయ్యెత్తి ప్రమాణం చేసినాం సుగుణా. మనకు బతుకిచ్చినారు. ఓటన్నా ఎయ్యకపోతే ఎట్ల?" అన్నారు.

అమెరికాలో మనమున్న రాష్ట్రం వాళ్లు ఓటుకు సాక్షి సంతకం అడుగుతారు కదా. సాక్షి ముందు ఖాళీ కాగితం చూపించాలి, అతని ఎదుటే గుర్తు పెట్టాలి, ఎవరికి పెట్టామో మాత్రం అతను చూడకూడదు. పోయినసారి మీకు నేను సాక్షి, నాకు మీరు సాక్షి. మీరు గుర్తు పెడుతుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. "ఇద్దరిదీ ఒకటే గదా, ఇంగేముండాది చూసేకి?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నేను పాత మనిషికి వేశాను. మీరూ అంతే అనుకున్నాను. రెండు ఓట్లూ ఒకే కొరియర్ కవరులో పంపాం.

పిల్లలు లేని ఇల్లు. ఈసారి సాక్షి ఎవరు? ఖాజా భాయ్‌ని పిలిచాను. మీరు అక్కడ ఇరవై ఏళ్లు బస్సు నడిపారు, ఆయన ఇక్కడ ఆర్టీసీలో కండక్టరుగా చేశారు, రోజూ పొద్దున్నే తుంగభద్ర గట్టున కలిసి నడిచారు. అంతకంటే దగ్గరివాళ్లు నాకెవరున్నారు?

ఆయన వచ్చి కూర్చున్నారు. టీ ఇచ్చాను. నా అవస్థ చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "పోయినతూరి అన్న కొత్తాయనకే ఏసినాడు గదా వదినా. నువ్వెందుకు ఇంత ఆలోచన చేస్తాండావు?" అన్నారు.

ఎవరికి, అని రెండుసార్లు అడిగానండీ.

నా ముఖం చూసి ఆయన కంగారు పడ్డారు. "నీకు తెల్దా? గట్టు మింద నాతోనే చెప్పినాడే... పాతోళ్లను శానా చూసినాం ఖాజా, ఒగతూరి కొత్తోని చేతికిచ్చి చూద్దాం అన్న్యాడు."

రేపు రమ్మని ఆయన్ను పంపేసి మేరీకి ఫోన్ చేశాను. అది ఒంటికాలి మీద లేచింది. "ఎవురు చెప్పినారు వదినా? మా అన్న యాడన్నా అట్ల ఏస్తాడా? స్టీరింగు పట్టనోనికి బస్సు ఇచ్చేదెట్ల మేరీ, అని నాతోనే అన్న్యాడు!"

ఏది నిజం?

మీరు బస్సు నడిపేటప్పుడు ఎక్కేవాళ్లు మీతో రాజకీయాలు మాట్లాడేవాళ్లు. ఎవరేమన్నా మీరు తలూపేవారు. అదేంటని నేనడిగితే, "అందరికీ ఔననుకుంటా పోతే బండిలో గలాటా ఉండదు సుగుణా" అన్నారు. మరి ఖాజా భాయ్‌కీ అలాగే తలూపారా? మేరీకా? లేక... నాకా?

మీ రూటు తీసేసిన రోజు కూడా గుర్తొచ్చింది. ఏటా డిపో గేటు దగ్గర నిలబడి మీ చెయ్యి పట్టుకుని ఊపిన ఆ పాత నాయకులే దాన్ని తీసేశారు. మీరు ఇంటి ముందు కారు ఆపి గంటసేపు అందులోనే కూర్చున్నారు. నేను తలుపు తీస్తే, తలనొప్పి అన్నారు. ఆ తలనొప్పి గురించి ఇంకా రెండు మాటలు అడిగి ఉండాల్సింది. నర్సునే కదా నేను... ఎందుకు అడగలేదు?

మీరు కొత్తాయనకే వేసి ఉంటే, మన రెండు ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నట్టే కదా! అంత దూరం ఒకే కవరులో పక్కపక్కనే ప్రయాణం చేసి మరీ... నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ముప్పై నాలుగేళ్లు మీ పక్కన ఉండి నేను తెలుసుకున్నదేమిటి?

మర్నాడు ఖాజా భాయ్ మళ్లీ వచ్చారు. ఖాళీ కాగితం చూశారు. చెప్పకుండానే గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను పెన్ను తీసుకున్నాను. ఇన్ని రోజులుగా నేను వెతుకుతున్నది మీరైతే ఎవరికి వేసేవారో అని, అప్పుడు తెలిసింది. మీరే అటూ ఇటూ అయిపోయాక నేనెవర్ని చూసి వేయాలి? చాలాసేపైంది. "కాళ్లు లాగుతాండాయి వదినా," అన్నారు ఖాజా భాయ్, తిరగకుండానే.

వేసేశాను.

ఆయన సంతకం చేశారు. నేనే ఆటోలో వెళ్లి కొరియర్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. వస్తూ దారిలో తప్పు చేశానేమో అనిపించింది. ఇల్లు చేరేసరికి కాదులే అనిపించింది. ఇప్పుడు మీకు రాస్తుంటే మళ్లీ తెలియడం లేదు... ఓటు వేసినవాళ్లందరికీ ఇలాగే ఉంటుందా?

ఎవరికి వేశానో ఖాజా భాయ్ అడగలేదు. మేరీ అడిగింది, చెప్పలేదు. మీకు మాత్రం చెబుతాను. ఇక్కడ కాదు, మనం కలిసిన రోజు. కానీ ముందు మీరు నిజం చెప్పాలి, తలూపడం కుదరదు. మీరు ఏది చెప్పినా కోప్పడను. ఇది నా మాట.

మీ
సుగుణ