కరక్కాయ కషాయం సంగతి

అమ్మా, నేను కులాసా. ఆసుపత్రి మందు మానేసి కరక్కాయ కషాయం తాగుతున్నావని అన్నయ్య రాశాడు. దానిమీద పరీక్షలు చేస్తున్నదాన్ని, నా మాట విను. కిందటి వారం ఆ సారం పోస్తే గాజుపళ్ళెంలోని క్యాన్సర్ కణాలు చచ్చాయి. ల్యాబంతా ఒకటే చప్పట్లు. తర్వాత అదే సారం మంచి కణాలమీద పోసి చూశాను. అవీ చచ్చాయి! మా మేడం నీరసంగా కూలబడి, "ఇప్పుడేం చేద్దామే?" అన్నారు. "మోతాదు తగ్గించి మళ్ళీ మొదలెడతానండీ" అన్నాను. మొదలెట్టాను కూడా. ఇది మందవుతుందో లేదో తేలడానికి ఏళ్ళు పడుతుంది. సోమవారం మారాం చెయ్యకుండా ఇంజెక్షన్‌కి వెళ్ళు. తిండి సహిస్తోందా? నాన్న మోకాలు ఎలా ఉంది? వదిననడిగి నా ఉన్ని శాలువా తీయించుకుని తలకి చుట్టుకో. జుట్టుదేముంది, మళ్ళీ వస్తుంది. అందరికీ నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ మొండిఘటం