తిరగేసి చూసే మాస్టారు

అమ్మా, నా కళ్లు భేషుగ్గా ఉన్నాయి, చేతులు కాలలేదు. ముందు ఈ ముక్క నాన్నకి చదివి వినిపించు.

మొన్న మా ట్రైనింగు స్కూలు వెల్డింగు షాపులో రెండు ఇనుప పలకల్ని సందు లేకుండా ఆనించి అతికాను. అతుకు అద్దంలా మెరిసింది, తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం, నీ కొట్లో కుట్టిన ప్రతి చొక్కానీ నువ్వు తిరగేసి చూసినట్టే, పలకని తిరగేశారు. సుత్తితో ఒక్కటి వేశారు, రెండు ముక్కలు! "మూతికి పౌడరు రాశావు గానీ కడుపుకి కూడు పెట్టలేదమ్మాయ్. కాస్త సందు వదిలితేనే కదా కరిగిన లోహం అడుగుదాకా దిగేది?" అన్నారు. తర్వాత తన అతుకుని నాచేతే కొట్టించారు. పలక వంగింది, అతుకు చెక్కుచెదరలేదు. అరవయ్యేళ్ల చేయి, వణుకన్నది లేదమ్మా! ఇవాళ నా కొత్త పలకని తిరగేసి చాలాసేపు చూసి, తన బీరువాలో పెట్టుకున్నారు.

డ్రాయింగు సెక్షనుకి మారమని నాన్న సంతకం చేసి పంపిన కాగితం నా పెట్టెలోనే ఉంది. సోమవారంతో గడువు అయిపోతుంది. నేను ఇవ్వను. ఆయనకి నువ్వే ఎలాగో సర్దిచెప్పు.

నిండు చేతుల నూలు చొక్కాలు రెండు కుట్టి పంపు. జేబులు పెట్టకు, నిప్పురవ్వలు పడతాయి. చెల్లి దగ్గు తగ్గిందా? నీ మిషను బాగుచేయించావా?

నాన్నకి నమస్కారాలు. సెలవులకి వచ్చేటప్పుడు ఆ పలక అడిగి తెస్తాను. నాన్న పైవైపు చూసి మురిసిపోతే పోనీ, నువ్వు మాత్రం తిరగేసి చూడు.

నీ పిడుగు