అందరూ కొట్టలేదు

తార్నాక,
ఆదివారం

చిరంజీవి దిలీప్‌కు బాపు దీవెనలు.

అమ్మ మంచిగుంది. "మేమందరం క్షేమం" అని రాయబోయి ఆగాను. నేను అంత క్షేమంగా లేను. సోలాపూర్‌లో ఎండలు ముదిరాయని రాశావు. మగ్గాల షెడ్డులో నీళ్ళు ఎక్కువ తాగు. చిన్నమామను అడిగానని చెప్పు.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. అమ్మ కాళ్ళనొప్పులు ఎట్లున్నాయని, కేసు ఏమైందని, ఆ రోజు కిటికీలోంచి చూసినప్పుడు నువ్వు నాకు కనిపించావా అని. అమ్మ కాళ్ళు తగ్గాయి. లాలాపేట నుంచి ఇంటిదాకా మళ్ళీ నడిచే వస్తోంది. మూడోదానికి జవాబు చివర రాస్తాను.

అక్షరాలు చూసి బాపు రాత కాదనుకోకు. ఎడమ చేత్తో రాస్తున్నాను, మూడు రోజులుగా. ఎందుకో చెప్పాలంటే ముందు కేసు సంగతి చెప్పాలి.

అభిషేక్ తల పగిలి ఆరు నెలలైంది. గొడవ ఒక మంచం దగ్గర మొదలైంది. చదువు ముగిసి మూడేళ్ళైనా నీ శివకుమార్ అన్న హాస్టల్ గది వదల్లేదు. ఆ గది తనకిచ్చారని అభిషేక్ వార్డెన్‌కు కాగితం రాశాడు. అంతే. లైబ్రరీ వెనక సైకిల్ స్టాండు దగ్గర, సాయంత్రం నాలుగింటికి, వెలుతురుండగానే కొట్టారు. నా బైండింగ్ గది కిటికీకి ఇరవై అడుగులు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. ఇనుప రాడ్డు ఎముకకు తగిలితే ఎండు వెదురు విరిచినట్టు చప్పుడొచ్చింది. పడబోయినవాణ్ణి పడనీయలేదు, నిలబెట్టి కొట్టారు. రెండోది పక్కటెముకల మీద. అమ్మా అన్నాడు, ఒక్కసారే. మూడోది చెవి పైన. కింద పడ్డాక బూటుతో ముఖం తొక్కారు. రెండు పళ్ళు సిమెంటు మీద దొర్లాయి. నేను జిగురు గిన్నె చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. అరవలేదు.

ఎస్సై నలుగురిని స్టేషన్‌లో కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. వీళ్ళేనా కొట్టింది అని అడిగాడు.

"వాళ్ళందరు కొట్టలేదు సార్" అన్నాను.

కానిస్టేబుల్ "వారిలో ఎవరూ కొట్టలేదు" అని రాసుకున్నాడు. ఆ మాటకు రెండు ముఖాలున్నాయి. 'అందరు' మీద నొక్కితే కొందరే కొట్టారని. 'కొట్టలేదు' మీద నొక్కితే ఒక్కడూ కొట్టలేదని. కాగితానికి నొక్కి పలకడం రాదు. ఆ కాగితం ప్రకారం కొట్టినవాళ్ళ సమితి శూన్యం. పగిలిన తల మాత్రం ఉంది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కేసు మూసేస్తామన్నారు. అది కానిస్టేబుల్ పొరపాటని అమ్మకు చెప్పాను, నీకూ అట్లనే రాశాను.

పోయిన నెల అభిషేక్ తల్లి సుగుణమ్మ గారు కోర్టులో అర్జీ పెట్టింది. ఈ నెల పన్నెండున జడ్జి ముందుకొచ్చి నా మాట మళ్ళీ చెప్పమని నోటీసు వచ్చింది. ఆ సంగతి శివకుమార్‌కు తెలిసింది.

పోయిన సోమవారం ఇద్దరిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. తలుపు గడియ పెట్టారు. నా మాటకు రెండర్థాలున్నాయట గదా అని నవ్వుతూ అడిగాడు. ఉన్నాయన్నాను.

"రెండెందుకు కాకా, ఒకటి చాలు. రెండోది నేను కోస్త" అన్నాడు.

నా కుడి చెయ్యి కటింగ్ మిషన్ కింద పెట్టించాడు. కత్తి దించలేదు. పైచక్రం తిప్పాడు. ఐదు వందల కాగితాలను కదలకుండా నొక్కిపట్టే ఇనుప దిమ్మ దిగింది. మెల్లగా తిప్పుతూ, తిప్పినప్పుడల్లా నా ముఖం చూశాడు. చూపుడు వేలు, మధ్య వేలు నలిగాయి. ఉంగరం వేలు రెండు చోట్ల విరిగింది. ఇప్పుడెన్ని అర్థాలు కాకా అని అడిగాడు. పోతూ పోతూ, దిలీప్‌ను అడిగానని చెప్పమన్నాడు. చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను.

అభిషేక్ నాకు ఏమవుతాడో నీకెప్పుడూ చెప్పలేదు. నేను కుట్టడానికి విప్పిన పుస్తకాలు చదివి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. బేసి సంఖ్యలను ఒకటి నుంచి వరసగా కూడుతూ పోతే వర్గాలే వస్తాయని నాలుగు వందల దాకా కూడి చూసి, నా రోజువారీ నోటుబుక్కులో రాసుకున్నాను. అది ఎవరికి చూపినా నవ్వారు. అతను నవ్వలేదు. నాలుగు వందల ఒకటోది చూశారా అని అడిగాడు. ఎన్ని చూసినా అన్నీ చూసినట్టు కాదని, అన్నిటికీ ఒక్కసారే చెల్లే కారణం కావాలని, అట్టముక్క మీద చుక్కలు పెట్టి చూపించాడు. 'అందరూ కాదు' అంటే 'ఎవరూ కాదు' అని కాదు, కనీసం ఒక్కడు కాడనే అర్థమని నేర్పింది కూడా అతనే.

చేతికి కట్టు కట్టించుకుని ఇంటికి రాకుండా హబ్సిగూడ పోయాను. ఆసుపత్రికి దగ్గరని తల్లీకొడుకులు అక్కడ ఒక టిఫిన్ సెంటర్ వెనక గది తీసుకున్నారు. అభిషేక్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒక కన్ను తెరుచుకోదు. పుర్రె ముక్క తీసేసిన చోట గుంట పడింది, ఊపిరి పీల్చినప్పుడల్లా అక్కడి చర్మం కదులుతోంది. తల్లి అంకెలు చెప్పిస్తోంది. ఏడు దాకా చెప్పి మళ్ళీ ఒకటి అంటాడు. ఏడు తర్వాత ఒకటి వచ్చే లెక్క కూడా ఉంది, వారాలు అట్లనే నడుస్తాయి. ఆ లెక్క అతని దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె నా కట్టు చూసి మంచినీళ్ళిచ్చింది. తర్వాత అడిగింది.

"అన్నయ్యగారూ, మీరు లెక్క తప్పి మాట్లాడరనేవాడు మావాడు. ఎవరూ కొట్టలేదని చెప్పారంట. మరి వీడి తల ఎవరు పగలగొట్టారండీ?"

గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఇక నీ మూడో ప్రశ్న. కనిపించావు. అతని రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నది నువ్వు. అతను పడకుండా నిలబడ్డది నీ బలం మీద. నువ్వు కొట్టలేదు. పట్టుకున్నవాడు కొట్టినవాళ్ళలో కలుస్తాడా అని ఆరు నెలలు ఆలోచించాను. ఏ సమితినైనా లెక్కపెట్టే ముందు అందులోకి ఎవరు వస్తారో నియమం చెప్పుకోవాలి. నీకోసం ఆ నియమాన్ని ఎన్ని రకాలుగానో మార్చి చూశాను. ప్రతిసారీ పక్కటెముకల దెబ్బ దగ్గర ఆగిపోయాను. నువ్వు వదిలి ఉంటే అతను కింద పడేవాడు. చెవి పైన దెబ్బ పడే ఎత్తులో ఆ తల ఉండేది కాదు.

ఇంకొకటి నీకు తెలియదు. ఎంతమంది ఉన్నారని ఎస్సై అడిగాడు. నలుగురున్నరు సార్ అన్నాను. ఐదుగురున్న చోట నలుగురున్నారనడం అబద్ధం కాదు. 'నలుగురే' అంటే అబద్ధమయ్యేది. ఆ ఒక్క 'ఏ' నేను పలకలేదు. ఐదోవాడి కోసం ఎవరూ వెతకలేదు. కానిస్టేబుల్ రాసింది చదివి వినిపించినప్పుడు 'ఎవరూ' అన్న మాట నాకు వినబడింది. అట్లా కాదు సార్ అంటే మళ్ళీ అడుగుతారు, మళ్ళీ లెక్కపెడతారు. సరే సార్ అన్నాను. అది పొరపాటు కాదు దిలీప్. ఆ పిల్లవాడు నేర్పిన దాన్ని తీసుకుని ఆ పిల్లవాణ్ణే కొట్టాను.

పన్నెండున ఐదుగురని చెబుతాను. కొట్టింది ఇద్దరు, పట్టుకున్నది ఒకడు, చూస్తూ నిలబడ్డది ఇద్దరు. కిటికీ లోపల నిలబడ్డవాడి సంగతీ చెబుతాను. ఆ రోజు నోటుబుక్కులో ఐదు పేర్లూ రాసి పెట్టాను, అది వెంట తీసుకుపోతున్నాను. పదకొండున నువ్వు సికింద్రాబాద్‌లో దిగితే ఇద్దరం కలిసి పోదాం, నీ సంగతి నువ్వే చెప్పుకో. దిగకపోతే నీ పేరు నేను చెబుతాను. నువ్వుంటున్న చిన్నమామ ఇల్లెక్కడని అడిగితే అదీ చెబుతాను.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. తింటున్న పళ్ళెం గోడకేసి కొట్టింది. నా రొమ్ము మీద రెండు చేతులా గుద్దింది, కట్టు మీదా గుద్దింది. ఉన్న ఒక్క కొడుకును నీ చేత్తో జైల్లో తోస్తవా అన్నది. అన్నం మెతుకులన్నీ ఏరి, గది తుడిచి వచ్చి, కవరు ఇటియ్యమన్నది. నా ఎడమచేతి రాత పోస్టుమ్యాన్‌కు అర్థం కాక ఉత్తరం నీకు చేరకపోతే ఎట్లా అని, అడ్రసు తనే కూడబలుక్కుంటూ రాసింది.

ఇట్లు,
నీ బాపు
ఉప్పలయ్య