ఖాళీ వదిలిన సన్మానపత్రం

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఈరోజే యూనివర్సిటీలో నాకు శాలువా కప్పారు, మీ దగ్గర పడవ పాటల మీద చేసిన పరిశోధనకి. కిటికీల్లోంచి గోదావరి గాలి వస్తుంటే, సభంతా మెల్లగా రేవు వదులుతున్నట్టు అనిపించింది.

మన తెలుగు శాఖలో ఎవరికి సన్మానం జరిగినా పత్రం రాసేది మీరే కదా. ఈసారి ఎవరు రాశారా అనుకుంటున్నాను. ఇంతలో అమ్మగారు మీ సొరుగులోని కాగితం తెచ్చి, మన శాఖాధిపతి చేతికిచ్చారు.

"నీకోసం ఎప్పుడో రాసిపెట్టారమ్మా. ఏ పురస్కారం వస్తుందో తెలీక ఆ ఒక్కచోటూ ఖాళీ వదిలేశారు" అన్నారు నాతో.

శాఖాధిపతిగారు ఆ ఖాళీ నింపి, మైకు ముందు చదివారు. నాకు మాత్రం మీ గొంతే నీళ్ల మీదుగా వస్తున్నట్టుంది. కళ్లు మూసుకుని విన్నాను.

చివర్లో మీరు వేసిన తేదీ కూడా చదివారాయన. నా వల్ల కాదండీ, పరిశోధన మానేస్తానని మీ వరండాలో కూర్చుని ఏడ్చిన రోజది.

"కాఫీ తాగి వెళ్లమ్మా" అన్నారు మీరప్పుడు, అంతే.